మూడో అక్షరపీఠం

అనగా అనగా, మరీ రాజుల కాలం కాదు పిల్లలూ, కలాలు మూలపడి కంప్యూటర్లు బల్లలెక్కిన కాలం. ఒక ఏటి ఒడ్డున ఒక చిన్న పట్టణం. ఆ పట్టణంలో శరభాచారి అనే పనివాడు ఉండేవాడు.

అతని తాతతండ్రులు అచ్చుయంత్రాలకు సీసపు అక్షరాలు పోతపోసినవారు. కాలం మారింది, ఆ పని పోయింది. శరభాచారి కంప్యూటరు విద్య నేర్చాడు. తెలుగులో రాసుకోవడానికి, పేజీలు దిద్దుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. దానికి అక్షరపీఠం అని పేరు పెట్టి, అడిగినవారికల్లా ఊరికే ఇచ్చాడు.

మొదటి అక్షరపీఠం వచ్చినప్పుడు ఎవరూ ఏమీ ఆశించలేదు. అందుకే అందరూ సంతోషించారు.

మూడేళ్లకు రెండోది వచ్చింది. అది మరింత బాగుంది. జనం మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే తలా ఒక కోరిక కోరారు.

ఇంతలో శరభాచారికి ఒక సంగతి తెలిసింది. ఇకముందు రాబోయే కంప్యూటర్లలో పాత అక్షరపీఠం నడవదు. పునాది తవ్వి మళ్లీ కట్టాలి. రెండేళ్లు అతను వేరే పని పెట్టుకోలేదు. పని ముగింపుకొచ్చాక అందరికీ ఒక ప్రకటన పంపాడు.

"మూడో అక్షరపీఠం ఉగాదికి వస్తుంది. లోపలంతా కొత్తగా రాశాను, పైకి తేడా కనిపించదు. మొదట్లో తప్పులు ఉంటాయి. కనిపిస్తే రాయండి, సరిచేస్తాను. అప్పటిదాకా పాతదాన్ని తీసేయకండి."

నాలుగు ముక్కలే. కానీ జనం 'మూడో' అన్న మాట దగ్గరే ఆగిపోయారు.

శుభలేఖలు అచ్చువేసే భూషణం, "మూడోదంటే మాటలా. కార్డు దానంతట అదే తయారవుతుందట" అన్నాడు. బడిలో లెక్కలు చెప్పే సువార్తమ్మ టీచరు, "లెక్కల గుర్తులన్నీ ఒక్క మీటతో పడతాయట" అంది. వారపత్రిక నడిపే సదాశివరావు ఇంకో అడుగు ముందుకేసి, అక్షరపీఠం తప్పులు తనే దిద్దుతుందని, వార్తలు చదివి వినిపిస్తుందని పత్రికలో అచ్చేశాడు. ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు.

ఉగాది వచ్చింది. మూడో అక్షరపీఠం వచ్చింది. చూడబోతే రెండోదానిలాగే ఉంది.

భూషణం పాతది తీసేసి కొత్తది పెట్టాడు. పాత కార్డులన్నీ అందులో తెరిచాడు. వరసలు కిందికి జరిగాయి. చూసుకోకుండా అయిదువందల శుభలేఖలు అచ్చువేసి కోయించాడు. ముహూర్తం వేళ ఉన్న వరస కాగితం అంచుతో పాటు తెగిపోయింది. పెళ్లివారు వచ్చి దుకాణం ముందు నిలబడ్డారు. అతను ఆ కార్డు పట్టుకుని తిన్నగా శరభాచారి ఇంటికి వెళ్లాడు.

"ఏం ఆచారిగారూ, రెండేళ్లు కూర్చుని చేసింది ఇదేనా?"

"పాతది తీసేయవద్దని రాశాను కదా భూషణంగారూ."

"అవన్నీ ఎవరు చదువుతారండీ. మూడోది అన్నారు. మూడోదంటే ఎలా ఉండాలి?"

"మూడోదంటే రెండోదాని తర్వాత వచ్చేది" అన్నాడు శరభాచారి మెల్లగా.

సువార్తమ్మ టీచరు ఉత్తరం రాసింది. అందులో తిట్లు లేవు. 'మిమ్మల్ని నమ్ముకున్న పిల్లల సంగతి ఒక్కసారి తలచుకోవలసింది' అని మాత్రం ఉంది. సదాశివరావు తన పత్రికలో 'ఆశపెట్టి ముంచిన ఆచారి' అని పెద్ద అక్షరాలతో వేశాడు. ఆ అక్షరాలూ శరభాచారి దిద్దినవే.

అటువంటి ఉత్తరాలు రోజూ వచ్చాయి. వాటి మధ్య ఒకే ఒక్కటి వేరుగా ఉంది. తాలూకా కచేరీ ముందు గొడుగు కింద కూర్చుని జనానికి అర్జీలు టైపుచేసే హైమావతి రాసింది.

"ఆచారిగారికి నమస్కారం. మీరు చెప్పినట్టు పాతది ఉంచుకుని కొత్తది పక్కన పెట్టాను. 'ఇళ్ళ స్థలం' అని కొడితే ళవత్తు రావడం లేదు, 'ఇళ స్థలం' అని పడుతోంది. తక్కినది బాగుంది."

శరభాచారి ఆ మధ్యాహ్నమే ళవత్తు సరిచేసి పంపాడు. ఆ తర్వాత కంప్యూటరు మీద గుడ్డ కప్పాడు.

భార్య రత్నాంబ అంది, "మంచి ఉత్తరం ఒకటైనా వచ్చింది కదండీ."

"వచ్చింది. దానికి జవాబిచ్చాను. మిగతావాటికి నా దగ్గర జవాబు లేదు."

"తిట్టారని కష్టమా?"

"తిట్టారని కాదు. నేను రాసిన నాలుగు ముక్కలు చదవలేదని."

మర్నాటినుంచి అతను పాత్రల కొట్లో కూర్చుని స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కడం మొదలుపెట్టాడు. మళ్లీ అక్షరపీఠం జోలికి పోలేదు.

రెండేళ్లు గడిచాయి. పట్టణమంతా కొత్త కంప్యూటర్లు వచ్చాయి. రెండో అక్షరపీఠం వాటిలో తెరుచుకోలేదు. మూడోది తెరుచుకుంది, కానీ దాని తప్పులు దానిలోనే ఉన్నాయి. జనం రాసి పంపుతూ ఉంటే నాలుగు నెలల్లో పోవలసిన తప్పులు అవి. అప్పుడు భూషణం, సువార్తమ్మ టీచరు, సదాశివరావు ముగ్గురూ కలిసి శరభాచారి ఇంటికి వెళ్లారు.

రత్నాంబ గుమ్మంలోకి వచ్చింది. "ఆయన పోయి నలభై రోజులైంది బాబూ. రెండు వారాలు జ్వరం. అక్షరపీఠం లోపలి రాత ఎక్కడా దాచలేదు, అందరికీ తెరిచే ఉంచారు. కావలసినవాళ్లు బాగుచేసుకోవచ్చని అనేవారు."

వారు ఆ రాత తెరిచి చూశారు. ముగ్గురికీ ఒక్క వరస అర్థంకాలేదు.

సదాశివరావు పత్రిక ఆగిపోయింది. సువార్తమ్మ టీచరు ప్రశ్నపత్రాలు చేత్తో రాస్తోంది. భూషణం ఏటేటా డబ్బు కట్టి ఏదో కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడు. అందులో ఏం మారినా నోరెత్తడు.

హైమావతి ఒక్కతే తన పాత యంత్రం మీద అర్జీలు కొడుతోంది. అది ఎన్నాళ్లో ఉండదని ఆమెకు తెలుసు. అందుకని నలభయ్యారేళ్ల వయసులో కంప్యూటరు విద్య మొదటినుంచి నేర్చుకోసాగింది. ఏడాదికి మూడో అక్షరపీఠంలో ఒక్క తప్పు దిద్దగలిగింది. భూషణానికి వరసలు జరిగిన తప్పే అది. దిద్ది, 'ఈ తప్పు ఒక్కటే సరిచేశాను, మిగతావి ఇంకా ఉన్నాయి' అని రాసి అందరికీ పంపింది.

సాయంత్రానికి మొదటి జవాబు వచ్చింది. 'ఇంతేనా' అని ఉంది అందులో.

హైమావతి ఆ జవాబు మూసి తల ఎత్తింది. ఎదురుగా ఒక ముసలాయన అర్జీ కోసం నిలబడి ఉన్నాడు. "చెప్పు తాతా" అంది.

కాబట్టి పిల్లలూ, ఇచ్చేవాడు చెప్పిన మాట వినకుండా, అతను చెప్పని మాటకు అతణ్ణి తప్పుపట్టేవాడు చివరికి చేతిలో ఉన్నదీ పోగొట్టుకుంటాడు.