సగం రొట్టె

ఇంగ్లీషులో ఏ మాట పుట్టుపూర్వోత్తరాలైనా దస్తగిరి మాస్టారికి కొట్టిన పిండి. స్నేహితుడు ఓబులేసు చనిపోయాక ఆ చదువంతా ఎందుకూ కొరగాకుండా పోయింది. తిండి సహించక, కంటికి కునుకు రాక, చివరికి పెనుకొండ దగ్గర దర్గాలో ఉండే తన గురువు జలాల్ బాబా కాళ్ళ దగ్గరికి వచ్చి పడ్డాడు.

"ఏమైందప్పా?" అన్నాడు బాబా.

"ఓబులేసూ నేనూ ఒకే గదిలో ఉండి, ఒకే పళ్ళెంలో తిన్నోళ్ళం బాబా. వానికి క్షయ వచ్చింది. మందులు వాడినాక ఇంక భయం లేదని డాక్టరే చెప్పినాడు. అయినా నేను వాని పళ్ళెం వేరు చేసి గడప కాడ పెట్టినా."

"వాడేమన్నాడు?"

"నువ్వు తినప్పా, నేనిట్ల కూర్చుంటాలే అన్నాడు. మర్నాడు వాళ్ళ ఊరికి పోయినాడు. ఆడ ఒక్కడే ఉండి సచ్చిపోయినాడు."

మాస్టారు పై కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

"ఆ పొద్దు క్లాసులో ఏ మాట చెప్పినానో తెల్సునా బాబా? కంపెనీ! పిల్లోళ్ళు వ్యాపారమన్నారు, ఫ్యాక్టరీ అన్నారు. ఒకడు సైన్యంలో దళమన్నాడు. అవి కాదురా, తోడు అనేదే పాత అర్థం, లాటిన్‌లో దాని మూలం కలిసి రొట్టె తినడం అని చెప్పి, చప్పట్లు కొట్టించుకున్నా. ఇంటికొచ్చి వాని పళ్ళెం వేరు చేసినా. ఇప్పుడైతే వాని ఎంగిలైనా తింటా. నాకు బుద్ధొచ్చింది బాబా."

ఆ దుఃఖం దొంగదుఃఖమేమీ కాదు.

భోజనాల వేళయింది. ఆ దర్గాలో ఒక్కో పళ్ళేనికి ఇద్దరు కూర్చోవడం ఆనవాయితీ. బాబా మాస్టారికి ఎదురుగా కూర్చుని, జొన్నరొట్టె విరిచి సగం ఆయన వైపు పెట్టాడు. అంతలో బాబాకి దగ్గు వచ్చింది. తెరలు తెరలుగా దగ్గి, తుండుగుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

పళ్ళెంలోకి వెళ్ళబోతున్న మాస్టారి చెయ్యి ఆగిపోయింది. రెప్పపాటే. కానీ ఆ ఆగడం ఇద్దరూ చూశారు.

బాబా ముఖంలో కోపం లేదు. తన సగం రొట్టె చేతిలోకి తీసుకుని మెల్లగా లేచి, గడప దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వు తినప్పా," అన్నాడు. "నేనిట్ల కూర్చుంటాలే."