కంటి మూల ఎర్ర కండ ఎందుకు కదలదు

ఒకప్పుడు కంటి మూలలో ఉండే ఎర్ర కండ ఇప్పట్లా బుద్ధిగా ఒకచోట కూర్చునేది కాదు. కంట్లో ఎటు కావాలంటే అటు పాకేది. దానికి మాటలు కూడా వచ్చు. ఒట్టి కబుర్లపోగు!

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున కొర్లయ్య అనే జాలరి ఉండేవాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి అతనికి ఒక కన్ను పోయింది. ఉన్న ఆ ఒక్క కంటితోనే తెప్ప నడిపేవాడు, వల వేసేవాడు. పైన ఎండ, నీళ్ళ మీద మళ్ళీ అదే ఎండ, ఎదురుగా ఇసుక చల్లే గాలి. అతని కంట్లోని ఎర్ర కండ అదంతా చూసి గిలగిల్లాడిపోయేది.

"నల్లగుడ్డక్కా! నీ వల్లే గదా నాను సంద్రాన్నీ సేపల్నీ సూస్తన్నాను! నువ్వు మాడిపోతంటే ఎలా ఊరుకుంతాను? ఉండు, పందిరేస్తాను" అంది.

"ఒద్దులేవే" అంది నల్లగుడ్డు మొహమాటంగా.

కండ వింటేనా! రోజుకింత సాగింది. ఈగ రెక్కలా విచ్చుకుని నల్లగుడ్డు మీదికి ఎక్కింది. గాలికి ఊడిపోకుండా గట్టిగా పట్టుకుంది కూడా.

నల్లగుడ్డు మీద నీటిబొట్టంత నున్నగా, గుండ్రంగా ఒక అద్దం ఉంటుంది. దుప్పటి కొస పట్టి లాగితే పక్కంతా చెదిరిపోతుంది కదా, అలాగే ఆ అద్దం గుండ్రదనం చెడి ఒకవైపు చదునైపోయింది. పాపం, కండకి ఆ సంగతే తెలీదు.

ఆ ఊళ్ళో ఏరు సముద్రంలో కలిసేచోట రెండు వెదురు గడలు పాతి ఉండేవి. వాటి మధ్యనుంచి వస్తే ఇల్లు. పక్కకి జరిగితే బండరాళ్ళు. ఒకరోజు చేపలతో తిరిగొస్తున్న కొర్లయ్యకి గడలు నాలుగు కనిపించాయి. 'ఎవడో కొత్తవి పాతేడు' అనుకుని దర్జాగా మొదటి రెండింటి మధ్యకి పోనిచ్చాడు. ఫట్! తెప్ప రెండు ముక్కలైంది.

ఈదుకుంటూ ఒడ్డెక్కిన అతన్ని చూసి భార్య ఎల్లయ్యమ్మ లబోదిబోమంది. "గడలు సూసుకోనేదా మావా?"

"సూసేను. నాలుగున్నాయి."

"రెండే గదా!" అంటూ ఆమె అతని రెప్ప ఎత్తి చూసింది. "ఓలమ్మో, కంట్లో రెక్క మొలిసింది!"

కొర్లయ్య ఇసుకలో కూలబడ్డాడు. సముద్రం తప్ప అతనికి వేరే పని రాదు. ఉన్న ఒక్క కన్నూ ఇలా అయితే ఇక తెప్ప ఎక్కేదెలా?

"ఓస్, ఇదా!" అంటూ ఒక పీత వచ్చి కండని కత్తిరించి పారేసింది. కొన్నాళ్ళు బాగానే ఉంది. కానీ కత్తిరించినచోట బోడిగా మిగిలి, ఎండకి చుర్రుమంది. "అయ్యో అక్కా!" అంటూ మిగిలిన కండ ఈసారి రెండింతలు మందంగా పాకేసింది. కొర్లయ్యకి గడలు ఆరయ్యాయి. కండని తిట్టని తిట్టు లేదు.

అప్పుడు జీడిమామిడి కొమ్మమీంచి, ఆకులు కుట్టి గూడు కట్టుకునే చిన్న పిట్ట దిగొచ్చింది. అది ముందు కత్తిరించలేదు, అడిగింది.

"ఎందుకే ఇలా ఎక్కేవు?"

"అక్క మాడిపోతంది. నీడ సేస్తన్నాను" అంది కండ.

కొర్లయ్య తిట్టడం మానేశాడు.

"చెల్లీ, నీ పందిరి నన్ను లాగేస్తందే. మొహమాటపడి ఇన్నాళ్ళూ సెప్పనేదు" అంది నల్లగుడ్డు.

కండ బావురుమంది. పట్టు వదిలేసింది. పిట్ట దాన్ని సుతారంగా ఒలిచి తీసింది. పైరెప్ప కిందనుంచి ఉల్లిపొరంత పలచటి ముక్క తెచ్చి, బోడిచోట పరిచి, సాలెదారంతో కుట్టింది. ఎండ తగలకుండా ఎల్లయ్యమ్మ తాటాకు టోపీ అల్లి మొగుడి నెత్తిన పెట్టింది.

అద్దం ఒక్కరోజులో సర్దుకోలేదు. రోజుకింత, రోజుకింత గుండ్రంగా మారింది. నెల తిరిగాక కొర్లయ్య కొత్త తెప్ప మీద వెళ్ళి, తిరిగొస్తూ గడల వైపు చూశాడు. రెండే! నిటారుగా, ఎండలో మెరుస్తూ రెండే రెండు. వాటి మధ్యనుంచి తెప్ప నీళ్ళమీద మెత్తగా జారి ఒడ్డుకొచ్చింది.

పిట్టకి దణ్ణం పెట్టాడు. ఎల్లయ్యమ్మ చెయ్యి పట్టుకున్నాడు. కంటి మూల మిగిలిన రవ్వంత కండ బిక్కుబిక్కుమంటూ అడిగింది: "మరి నానేటి సెయ్యను? ఎల్లిపోనా?"

"ఎక్కడికెల్తావే పిచ్చిదానా! నా మీద అంత పేనం పెట్టుకున్నావు. ఆ మూల కూకో, నా కూడా ఉండు" అన్నాడు కొర్లయ్య. ఇంకా ఏదో చెప్పబోయాడు, ఏం చెప్పాలో తోచలేదు. ఒక కన్నీటిచుక్క వచ్చి కండని తడిపింది. అంత కబుర్లపోగూ కబుర్లు మాని, ఆ తడిలో ఆ మూలే కుదురుగా కూర్చుండిపోయింది.

అప్పటినుంచే మనందరి కంటి మూలా ఆ ఎర్ర కండ కదలక మెదలక కూర్చుని ఉంటుంది. మనకెవరైనా మేలు చేస్తే, వాళ్ళకేం చెప్పాలో తోచనప్పుడు, కన్నీళ్ళు ముందుగా దాని దగ్గరికే వస్తాయి.