సబ్బునీళ్ళ వరస

తునికి దగ్గర్లోని ఒక డిగ్రీ కాలేజీలో లోవరాజు అనే మొహమాటస్తుడు వృక్షశాస్త్రం చదువుతుండేవాడు. టీలో పంచదార వెయ్యడం మరిచిపోయినా "బాగుందండి" అని తాగేసేవాడు. మంగలి ఒక చెవి మీద జుట్టు వదిలేసినా "బాగుందన్నా" అని లేచొచ్చేవాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది గానీ, పిల్లలు కూడా చదివే కథలో దాన్ని పూర్తిగా చెప్పకూడదు. ఏమైతేనేం, అందరూ అతన్ని మంచివాడనేవారు. ఆ మాట వింటే అతనికి కడుపు నిండిపోయేది.

రెండో ఏడులో ప్రతి విద్యార్థీ ఒక చిన్న పరిశోధన చెయ్యాలి. ఏం చేస్తారో, ఎలా చేస్తారో ముందుగా రాసివ్వాలి. ఆ ప్రతిపాదనలను కామేశ్వరి మేడమ్ తనే దిద్దేవారు కాదు. పేర్లు కనపడకుండా కాగితం అంటించి, ఒకరివి ఒకరికి పంచేవారు.

"లోపం కనిపిస్తే రాయండి. ఇప్పుడైతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. పంట కోశాక విత్తనం మార్చలేం కదా" అన్నారామె.

ఆ ఏడు అందరికీ ఒక ఆశ కూడా ఉంది. అన్నిటికంటే మంచి పరిశోధన చేసినవారిని వేసవిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి శిక్షణకు పంపుతామన్నారు. ఒక్కరికే చోటు. దాని మీద అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నవాడు ఇమ్మానుయేలు, లోవరాజు ప్రాణస్నేహితుడు. ఇమ్మానుయేలు తండ్రి ఒకసారి పురుగుమందు కొడుతూ పొలంలోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. అప్పటినుంచి ఆ మందు లేకుండా, వేపాకు కషాయంతోనే పురుగు పోతుందని చూపించాలని కొడుకు పట్టుదల.

ఆ ఇమ్మానుయేలు ప్రతిపాదనే లోవరాజు చేతికి వచ్చింది. పేరు మూసేసినా చేతిరాత మూతపడదు కదా! పెరట్లో రెండు వరసల బెండ మొక్కలు వేస్తానని రాశాడు. గోడవైపు వరసకు కషాయం చల్లుతాడు. రెండో వరసకు ఏమీ చల్లడు. ఎందులో ఆకుల రసం పీల్చే పేనుబంక పురుగు తగ్గిందో చూస్తాడు.

చదువుతుండగానే లోవరాజుకు ఆ పెరడు కళ్ళకు కట్టింది. రెండో వరస వేస్తానన్న చోటి పక్కనే బట్టలుతికే బండ ఉంది. ఇమ్మానుయేలు తల్లి మార్తమ్మ రోజూ ఉతుకు అయ్యాక బకెట్లో మిగిలిన సబ్బునీళ్ళు అక్కడి మొక్కల మీదే కుమ్మరించేది. సబ్బునీళ్ళకు పేనుబంక చస్తుంది. ఏమీ చల్లనని వీడు రాసిన వరస మీద రోజూ మందు పడుతున్నట్టే లెక్క. పుట్టినప్పటినుంచీ చూస్తున్న పెరడు కాబట్టి ఇమ్మానుయేలుకు ఆ సంగతే తట్టలేదు.

ఆ మాట రాద్దామని లోవరాజు పెన్ను ఎత్తాడు. అంతలో ముందురోజు తిన్న చేపల పులుసు గుర్తొచ్చింది. "మొగమాటపడకు బాబూ, ఇంకో ముక్క వేసుకో" అంటూ మార్తమ్మే వడ్డించింది. అలాంటామె చేసే పనికి వంక పెట్టడమా? పైగా ఇమ్మానుయేలు మొహం చిన్నబోతుంది. లోపాలు అన్నచోట "ఏమీ లేవు, చాలా బాగుంది" అని గుండ్రంగా రాసి ఇచ్చేశాడు. హాయిగా అనిపించింది.

అతని కాగితాలు మాత్రం సత్యవేణి చేతిలో పడ్డాయి. ఆ పిల్ల నోటికి క్లాసంతా జడిసేది. ధనియాలను నలిపి బద్దలు చేసి చల్లితే కొత్తిమీర త్వరగా మొలుస్తుందా అన్నది లోవరాజు ప్రశ్న. నలిపేవి ఇంట్లోవి, నలపనివి కొట్లోంచి తెచ్చేవి. సత్యవేణి కింద ఇలా రాసింది: "రెండూ ఒకే పొట్లంలోవి కాకపోతే, తేడా నలపడం వల్ల వచ్చిందో, ధనియాల వల్ల వచ్చిందో నీకెలా తెలుస్తుంది?"

"ఒక్క మంచిమాటైనా రాయలేదేంటి?" అని, ఆ కటువు మాట ఎవరిదో పోల్చుకుని లోవరాజు నిలదీశాడు.

"అడిగింది లోపాలు. మంచిమాటలు కావాలంటే మీ అమ్మమ్మ దగ్గరికెళ్ళు" అంది సత్యవేణి.

అతను మొహం గంటు పెట్టుకుని ఆ పిల్లతో మాట్లాడడం మానేశాడు. తిట్టుకుంటూనే రెండు రకాలూ ఒకే పొట్లంలోంచి తీసి చల్లాడు.

పరిశోధనలు చూడడానికి కేంద్రం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఇమ్మానుయేలు పెరట్లో బెండ మొక్కలు రెండు వరసలూ శుభ్రంగా ఉన్నాయి.

"ఊళ్ళో బెండ తోటలన్నిటికీ పేనుబంక పట్టిందయ్యా. నువ్వు ఏమీ చల్లని వరసకి ఎందుకు పట్టలేదు?" అని అడిగాడాయన.

"తెలీదండి."

"ఆ మొక్కలకి నీళ్ళెక్కడివి?"

"కుళాయివేనండి. అమ్మ బట్టలుతికిన నీళ్ళు కూడా..." ఇమ్మానుయేలు మాట అక్కడే ఆగిపోయింది.

పెద్దాయన కాగితాలు పక్కన పెట్టాడు. "నీ కషాయం పనిచేస్తుందో లేదో ఇప్పుడు నీకూ తెలీదు, నాకూ తెలీదు" అన్నాడు.

తర్వాత లోవరాజు వంతు వచ్చింది. పెద్దాయన మొదటి ప్రశ్నే ధనియాల పొట్లం గురించి వేశాడు. "రెండూ ఒకే పొట్లంలోవండి" అన్నాడు లోవరాజు. ఆ ఒక్కరి చోటూ అతనికే వచ్చింది.

సాయంత్రం ఇమ్మానుయేలు తనే వచ్చి భుజం తట్టాడు. లోవరాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఒరేయ్, సబ్బునీళ్ళ సంగతి నాకు ముందే తట్టింది" అన్నాడు లోవరాజు.

"నా కాగితాలు చూసింది నువ్వా? మరి రాయలేదేంరా?"

"మీ అమ్మ నొచ్చుకుంటుందేమోనని..."

"అమ్మతో ఒక్క మాట చెబితే ఆ బకెట్టు వేరే చోట కుమ్మరించేది కదరా. అంతే కదా!" అన్నాడు ఇమ్మానుయేలు. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది లోవరాజుకు. మర్నాడు వెళ్ళి తన చోటు ఇమ్మానుయేలుకు ఇమ్మని మేడమ్‌ని బతిమాలాడు.

"చోటు నువ్విస్తావు సరే. చేతికి రాని ఫలితం ఎవరిస్తారు?" అన్నారామె.

వానలు పడ్డాక ఇమ్మానుయేలు అదే పరిశోధన మళ్ళీ మొదలుపెట్టాడు. కొత్త ప్రతిపాదన రాసుకుని క్లాసుకు తెచ్చాడు. "ఇలా ఇవ్వరా, నేను చూస్తాను" అని లోవరాజు చెయ్యి చాచాడు.

"నువ్వు బాగుందంటావులే" అని ఇమ్మానుయేలు నవ్వాడు. కాగితాలు పట్టుకుని సత్యవేణి దగ్గరికి వెళ్ళాడు.

నీతి: లోపం కనిపించినా మొహమాటానికి దాచేవాడు కాపాడేది తన మంచిపేరునే గాని, స్నేహితుణ్ణి కాదు.