పుర్రచేతి కార్డు

చీరాల మస్తాన్ వలీ మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. "కూర్చో, ఎవరో ఒకరు వస్తారు" అంటారు. అదే ఆయన బోధన. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయాక ఆయనకు మిగిలిన వ్యాపకం ఒక్కటే. ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన క్రికెట్ కార్డుల్లో ఏది మామూలు అచ్చో, ఏది అరుదైన తేడా అచ్చో తేల్చి చెప్పడం. అందుకోసం పొరుగూళ్లవాళ్లు కూడా ఆయన అరుగెక్కుతారు.

ఆ విద్య నేర్చుకుంటానని చేరింది శాంభవి. కాలేజీ వాదన పోటీల్లో ఎదుటివాళ్ల నోళ్లు మూయించి వచ్చిన పిల్ల. ఒక ఆదివారం పొద్దున ఆమెకు ఉన్నట్టుండి మండుకొచ్చింది.

"ఇదేం న్యాయం మాస్టారూ? అచ్చులో తప్పు పడ్డ కార్డుకి ఎక్కడలేని గిరాకీ. ఆ తప్పు పట్టుకుని, దిద్ది, మళ్లీ అచ్చేసిన కార్డుని కన్నెత్తి చూసేవాడే లేడు. తప్పుకి దండ వెయ్యమనా మీ శాస్త్రం?"

"కూర్చో," అన్నారు మాస్టారు. "ఎవరో ఒకరు వస్తారు."

వచ్చింది దీవెనమ్మ. ఆడపిల్లలకు బౌలింగ్ నేర్పే మనిషి. జుట్టు సగం నెరిసింది, కాళ్లకు బూట్లు మాత్రం మెరుస్తున్నాయి. చేతిరుమాలు మడతల్లోంచి ఒక కార్డు తీసింది. బొమ్మలో ఒక బౌలరు ఎడమచేత్తో బంతి విసురుతున్నాడు. మాస్టారు భూతద్దాన్ని శాంభవి వైపు జరిపారు.

"నాది పుర్రచేతి వాటం తల్లీ," అంది దీవెనమ్మ. "చిన్నప్పుడు అన్నానికి కూర్చున్నా, పలక పట్టినా మా నాయనమ్మ నా ఎడమచేతిని చీరపేలికతో నడుముకి కట్టేసేది. ఓరోజు బబుల్‌గమ్‌లో ఈయన వచ్చాడు. 'చూడు నాయనమ్మా, ఈయనదీ పుర్రచెయ్యే. దేశం తరఫున ఆడతాడంట' అన్నా. ఆవిడ కాసేపు బొమ్మకేసి చూసి, 'వీణ్ణి కట్టేసే ముసలిది లేదు కాబోలు' అని గొణుక్కుంటూ ముడి విప్పేసింది. మళ్లీ కట్టలేదు."

అంతలో ఆమె గొంతు తగ్గింది.

"నిన్న నా పిల్లలు ఫోనులో ఈయన పాత ఆట చూపించారు. కుడిచేత్తో వేస్తున్నాడమ్మా! 'మేడమ్, మీది దొంగ కార్డు' అని ఒకటే నవ్వు. ఉన్నమాట చెప్పు. ఇన్నేళ్లూ నేను దాచుకున్నది అబద్ధాన్నా?"

శాంభవి భూతద్దం పట్టుకుంది. అంచులు, వెనక అంకె, రంగుచుక్కల అల్లిక, అన్నీ అసలువే. మరి బౌలరు చొక్కా మీద గుర్తు? గుండెవైపు ఉండవలసింది కుడివైపుకి చేరింది. దూరాన మైదానం బోర్డు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు వెనక్కి నడుస్తున్నాయి. ఇంకోరోజైతే "దొరికింది!" అని గంతేసేదే. ఎంత మాటనైనా రాయిలా విసిరే పిల్లకి ఈ చిన్నమాట నోట్లోంచి రావడానికి బద్ధకించింది. మాస్టారి వంక చూసింది. ఆయన సాసర్లో టీ ఊదుకుంటున్నారు.

"దొంగది కాదండీ," అంది మెల్లిగా. "అసలుదే. ఫోటో ఫిల్ముని తిరగేసి అచ్చేశారు, తర్వాత దిద్దుకున్నారు. ఆయన... ఆయన కుడిచేతివాడే."

దీవెనమ్మ తన ఎడమ అరచేతికేసి చూసుకుంది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది శాంభవి. తీరా చూస్తే నవ్వు, కళ్లనిండా నీళ్లతో.

"ఓర్నాయనో! అయితే నా కట్టు విప్పించింది ఈయన కాదు, ఏ అచ్చాఫీసులోనో కునికిపాట్లు పడ్డ మహానుభావుడన్నమాట! ఏ తల్లి కన్నబిడ్డో, చల్లగా ఉండాలి."

కార్డుని మళ్లీ రుమాల్లో చుట్టి, ఎడమచేత్తోనే ముడేసుకుని వెళ్లిపోయింది.

మాస్టారు లేచి తన ఆల్బమ్‌లోంచి ఒక కార్డు తీశారు. అదే బౌలరు. కుడిచేతిలో బంతి, గుండె మీద గుర్తు, ఎక్కడివక్కడ ఉన్నాయి. దాన్ని శాంభవి చేతిలో పెట్టారు.

"ఇదిగో, దిద్దిన కార్డు. ఇది ఎవరి చెయ్యి విప్పిందో కనుక్కుని రా అమ్మాయ్. దీనికీ దండ వేద్దాం."