వెళ్ళొస్తానన్న రాకుమారుడు

ఎప్పుడని అడక్కండి, ఎక్కడని అడక్కండి, నోరు మూసుకుని వినండి. ఒక రాజుగారు ఉండేవారు. అమరసేన మహారాజు. ఆయనకి మందారవతి అని ఒక రాణి, ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరసేనుడు, నడిమివాడు చంద్రసేనుడు, ఆఖరివాడు ఉదయసేనుడు.

ఏడు సముద్రాల అవతల పగడపు దీవులున్నాయి. ఆ దీవుల దొర కూతురు పగడవల్లిని కరాళజిహ్వుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. విడిపించినవాడికి పిల్లనిచ్చి పెళ్ళి చేసి దీవులన్నీ రాసిస్తానని దొర చాటింపు వేయించాడు. ఆ మాట ఓడ వర్తకుల నోట విని పెద్దవాడు బయల్దేరాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. వాణ్ణి వెతుక్కుంటూ నడిమివాడు వెళ్ళాడు. వాడూ అంతే. రాణిగారికి అన్నం సహించడం మానేసింది. కంచం ముందు కూర్చుని వీధివాకిలి వైపు చూసేది.

"అమ్మా, అన్నయ్యల్ని నేను తీసుకొస్తాను" అన్నాడు ఆఖరివాడు.

రాణి వాడి రెండు చేతులూ పట్టుకుంది. "తీసుకురా నాయనా. కానీ ఎక్కడ ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా 'వెళ్ళొస్తాను' అనాలి. 'వెళ్తాను' అన్నావో, నా మీద ఒట్టే!"

మన ఇళ్ళల్లోనూ అంతే కదా! కూరగాయలకి వెళ్తూ 'వెళ్తున్నా' అనండి, బామ్మ ఊరుకుంటుందేమో చూద్దాం. వెళ్తానని వెళ్ళేవాళ్ళు వేరే. వాళ్ళు మరి తిరిగి రారు.

సరే, ఉదయసేనుడు తీరానికి వెళ్ళి, వలలో చిక్కుకున్న ఒక ముసలి తాబేలుని విడిపించాడు. అది వాణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. దారి పొడుగునా సణుగుడే. ఉప్పు సముద్రంలో నడుం నొప్పి అంది, చెరకురసం సముద్రంలో ఒళ్ళంతా జిగట అంది, పెరుగు సముద్రంలో కాళ్ళు కదలడం లేదంది. నేతి సముద్రం దాటేసరికి మనవాడి జుట్టు తల మీద అట్ట కట్టింది. మొత్తానికి ఏడూ దాటి, తెల్లటి ఇసక దిబ్బ మీద దించి, "ఇక్కణ్ణుంచి దోవ పడవలది, నాది కాదు" అని తాబేలు మునిగిపోయింది.

ఆ దీవిలో ఇళ్ళకి గోడల్లేవు, కప్పులే ఉన్నాయి. జనం సీమపనసకాయలు కాల్చుకు తింటున్నారు. "అయ్యా, మాంత్రికుడి దీవి ఎటు?" అని అడిగాడు.

"కడలివైపు" అన్నారు.

ఎటు తిరిగితే అటే కడలి! వాడు తల గోక్కున్నాడు. "ఎంత దూరం?"

"ఇక్కడే, పక్కనే."

చూపు ఆనినంత మేరా నీళ్ళే కనిపిస్తున్నాయి. వాడికేం పాలుపోలేదు. ఇంతలో తెడ్డు లేకుండా, తెరచాప లేకుండా దానంతటది ఒక పడవ వచ్చి ఒడ్డుకి కొట్టుకుంది. అందులో గడ్డం బొడ్డు దాకా పెరిగిన మనిషి.

"అన్నయ్యా!"

"తమ్ముడూ! నేను వెళ్తున్నానా, వస్తున్నానా? కాస్త చెప్పరా! ఎక్కడం నిజం, వెళ్ళడం నిజం, ఆ దీవి చూడడం నిజం. కాలు కింద పెట్టేలోపు మళ్ళీ ఇక్కడే తేల్తున్నాను" అని పెద్దన్న బావురుమన్నాడు.

ఆ పక్కనే ఇంకో పడవ. అందులో చంద్రసేనుడు కాళ్ళు చాపుకుని, బొజ్జ నిమురుకుంటూ కొబ్బరిబోండం తాగుతున్నాడు. "నేను అన్నయ్యలా తొందరపడే రకం కాదురా. రేపు వెళ్తాను" అన్నాడు.

"ఎప్పుడొచ్చావు చిన్నన్నయ్యా?"

"అదే గుర్తు లేదు. రోజూ పొద్దున్నే పడవెక్కి రేపు వెళ్తానని చెప్తూనే ఉన్నాను. ఇది కదలదే!"

వీళ్ళకి మతి పోయిందనుకున్నాడు ఉదయసేనుడు. తను ఒక పడవెక్కి, అన్నలకి దణ్ణం పెట్టి, "వెళ్ళొస్తాను" అన్నాడు. పడవ రివ్వున సాగింది. మాంత్రికుడి దీవి వచ్చింది. రాతి మీద కూర్చున్న రాజకుమారి కూడా కనిపించింది. వీడు కాలెత్తాడో లేదో, పడవ గిర్రున తిరిగి బయల్దేరిన చోటికే తెచ్చి పడేసింది! పడవ మంచిది కాదనుకుని ఇంకోటి ఎక్కాడు. "వెళ్ళొస్తాను." వెళ్ళాడు, వచ్చాడు. వేళ మంచిది కాదేమోనని కాసేపాగి మళ్ళీ ఎక్కాడు. "వెళ్ళొస్తాను." వెళ్ళాడు, వచ్చాడు. వాడికి ఏడుపొచ్చింది. ముందుకి నడుస్తున్నాడో వెనక్కి నడుస్తున్నాడో కూడా తెలియకుండా పోయింది పాపం.

పడవ అంచు మీద ఒక పెద్ద ఎండ్రకాయ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ఓరి అబ్బాయ్! వెళ్ళొస్తానన్నావు. వెళ్ళావు, వచ్చావు. పడవదేం తప్పు?"

"అంటే?"

"కరాళజిహ్వుడు తెడ్లన్నీ తగలబెట్టి పడవలకి చెవులు పెట్టాడు. అన్న మాట అన్నట్టు చేస్తాయి. మీ పెద్దన్నదీ నీ మాటే. నడిమివాడు తెల్లారిన ప్రతి పొద్దునా రేపే అంటాడు, ఆ రేపు ఎప్పుడొస్తుంది?"

"అయితే ఏమనాలి?"

"వెళ్తాను అనాలి. కానీ ఆ మాట విన్న పడవ అవతలి ఒడ్డు తాకగానే రాయైపోతుంది. ఇక రావడం ఉండదు. అందుకే చూడు, ఈ దీవుల్లో ఆడపిల్లలు పుట్టింటికెళ్ళి ఎన్నేళ్ళయిందో!"

వెనక్కి పోదామంటే ఏ పడవా ఇంటికి చేర్చదు. ముందుకి పోతే తిరిగి రాలేడు. అమ్మ మీద ఒట్టు ఒకటి!

"వద్దురా! అమ్మ ఏం చెప్పింది?" అని పెద్దన్న చెయ్యి పట్టుకున్నాడు. "పోనీ, రేపు ఆలోచిద్దాం" అన్నాడు నడిమివాడు.

"అమ్మ అన్నం తినడం లేదన్నయ్యా" అన్నాడు ఉదయసేనుడు. కళ్ళు మూసుకున్నాడు. ఎలాగో, "వెళ్... తాను" అన్నాడు. పడవ సాగింది. ఏడుస్తూనే వెళ్ళాడు. ఒడ్డు తాకగానే కాళ్ళ కింద పడవ చల్లటి రాయైపోయింది.

రాతి మీద పగడవల్లి కదలకుండా సముద్రం వైపు చూస్తోంది. "ఎవరయ్యా నువ్వు? గట్టిగా మాట్లాడకు. వాడు కొండకి అవతలి పక్క ఉన్నాడు."

"ఎందుకలా చూస్తూ కూర్చున్నావు?"

"పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. చూద్దాం అన్నాను. అప్పట్నించీ ఇటు నేనూ అటు వాడూ చూస్తూనే ఉన్నాం. అన్న మాట అన్నట్టే జరగాలని వాడు కట్టిన కట్టు వాడికే తగిలింది!"

ఆ పిల్ల మెల్లగా అసలు సంగతి చెప్పింది. మాంత్రికుడి ప్రాణం కొండ మీద పంజరంలోని చిలకలో ఉంది. ఆ చిలక "ఉంటాను, ఉంటాను" అని పలికినంత కాలం వాడుంటాడు.

ఉదయసేనుడు కొండెక్కాడు. చిలక విసుగ్గా "ఉంటాను, ఉంటాను" అంటోంది.

"చిలకమ్మా, ఇక్కడ తినడానికేం ఉంది?"

"కొబ్బరి. పొద్దున కొబ్బరి, సాయంత్రం కొబ్బరి. ఉంటాను."

"మా దేశంలో జాంతోటలున్నాయి. కొరికితే లోపల ఎర్రగా, తియ్యగా ఉంటుంది జాంపండు." చిలక మెడ పక్కకి వాల్చి వింది. వీడు పంజరం తలుపు తీశాడు. "నేనేమనాలి?" అంది చిలక.

పుట్టినప్పట్నించీ నోటికి అలవాటైన మాట, ఊరుకుంటుందా? "వెళ్ళొస్తాను అను" అనేశాడు!

"వెళ్ళొస్తాను" అంది చిలక. ఎగిరి కొండ చుట్టూ తిరిగింది. అవతల మాంత్రికుడు దబ్బున పడ్డాడు. చిలక తిరిగొచ్చి వాలింది. వాడు లేచి కూర్చున్నాడు. "ఇదేమిటి, ఎక్కడికో వెళ్ళొచ్చినట్టుందే! ఎవడ్రా అక్కడ?" అని అరిచాడు, తల తిప్పలేక.

ఉదయసేనుడికి కంగారు పుట్టింది. "వెళ్దాం అను!" అన్నాడు.

"వెళ్దాం" అంది చిలక. అయ్యో, వెళ్దాం అంటే ఇద్దరూ కదా! మాంత్రికుడు పడ్డాడు, వీడి కళ్ళూ తిరిగాయి, ఊపిరి జారిపోతోంది. కింద నుంచి పగడవల్లి కేక వేసింది. "ఆగు అను చిలకా, ఆగు!"

"ఆగు" అంది చిలక. ఇద్దరూ బతికారు. మాంత్రికుడు కొండెక్కి వస్తున్నాడా అన్నట్టు భూమి అదిరింది. వాడి అరుపులకే అలా అదిరింది.

ఈసారి ఉదయసేనుడు నాలిక కరుచుకుని, ఒక్కొక్క అక్షరం చూసుకుని, "వెళ్తాను అను తల్లీ. జాంతోట ఉత్తరం దిక్కున" అన్నాడు.

"వెళ్తాను" అంది చిలక. ఆకుపచ్చటి రెక్కలు చాపి సముద్రం మీదుగా వెళ్ళిపోయింది. మాంత్రికుడు పడినవాడు మరి లేవలేదు.

ఆ క్షణాన పగడవల్లి మెడ తిప్పి వీడి మొహం మొదటిసారి చూసింది. ఒడ్డున రాయి మళ్ళీ కొయ్యపడవైంది. ఉదయసేనుడు ఎక్కి కూర్చుని, "ఇప్పుడేమనాలి?" అని అడిగాడు.

"ఏమీ అనక్కర్లేదు. తెడ్డు వెయ్యాలి" అని ఆ పిల్ల వాడి చేతికో కొబ్బరిమట్ట ఇచ్చింది. దారంతా వాడు నీళ్ళు చిమ్మడమే గాని పడవ నడిపింది ఆవిడే. అన్నల్ని ఎక్కించుకున్నారు. దొరగారికి కబురంపి ఏడు సముద్రాలూ దాటారు.

రాణిగారు వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది. పెద్దవాడి గడ్డం తడిమింది, నడిమివాడి బొజ్జ తడిమింది. ఆఖరివాడు దగ్గరికి రాలేదు. తల వంచుకుని దూరంగా నిలబడ్డాడు.

"అమ్మా, ఒట్టు తప్పాను. ఆ మాట అన్నాను."

"అన్నావా?"

"అన్నాను. రానని తెలిసే అన్నాను."

రాణి వాణ్ణి లాగి గుండెలకి హత్తుకుంది. "అని కూడా వచ్చావు కదరా నా తండ్రీ!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లోపలికెళ్ళి, ముగ్గురికీ వడ్డించి, వాళ్ళ మధ్యన కూర్చుని కడుపునిండా తింది.

పెళ్ళి పగడపు దీవుల్లోనే జరిగింది. గడప దాటని రాణిగారు కూడా పడవెక్కింది. నేతి సముద్రంలో ఆవిడకి వాంతులు, పెరుగు సముద్రంలో నిద్ర. దిగగానే, "ఈ ఇళ్ళకి గోడలేవర్రా?" అని అడిగింది. అన్ని దీవుల ఆడపిల్లలూ ఆ పెళ్ళికని పుట్టిళ్ళకి వచ్చారు. తల్లులూ కూతుళ్ళూ తెల్లారేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారట. ఉదయసేనుడూ పగడవల్లీ ఆ దీవుల్ని చల్లగా, చాలా ఏళ్ళు ఏలారు. ఇంక లేవండి, పక్కలు వేసుకోవాలి.