బుగ్గన్న కేక

అనగనగా ఘాట్ రోడ్డు పక్కనే ఒక అడవి. ఆ అడవిలో బుగ్గన్న అని ఒక కోతి. అబ్బో, ఏం గొంతు వాడిది! చిరుతపులి కనపడితే చాలు, చెట్టు చివర నుంచి నోరంతా తెరిచి ఒక్క కేక పెట్టేవాడు. కింద పళ్లు ఏరుకునే కోతులన్నీ గబగబా చెట్లెక్కేసేవి. ఆ కేకే అందరి ప్రాణాలూ కాపాడేది.

ఒకరోజు లారీలోంచి ఎవరో విసిరేసిన గుట్కా పొట్లం బుగ్గన్నకి దొరికింది. మనుషులైతే నమిలి ఉమ్మేస్తారు. వాళ్లకీ అది మంచిది కాదనుకోండి. మనవాడిది కోతి బుద్ధి కదా, ఏది దొరికినా బుగ్గలో దాచుకోవాల్సిందే! తల కాస్త తిరిగింది. భలేగా ఉందనుకున్నాడు. ఇంక రోజూ అదే పని.

కొన్నాళ్లకి ఏం తిన్నా నోరు భగ్గుమనేది. "ఆ పాడు పొట్లం మానెయ్యవయ్యా!" అంది భార్య సింగారి.

"నేనేమన్నా పొగ తాగుతున్నానా? ఊరికే బుగ్గలో పెట్టుకుంటే ఏమవుతుందే!" అన్నాడు బుగ్గన్న.

తర్వాత బుగ్గ లోపల తెల్లమచ్చ వేసింది. ఉడుత చూసి, "మావా, ఎలుగు వైద్యుడికి చూపించుకో," అంది.

"పోవే, నా నోటి సంగతి నాకు తెలీదా!" అని కసిరాడు.

మూడోసారి చెప్పడానికి ఎవరూ రాలేదు. చిరుతే వచ్చింది.

చెట్టు కింద బుగ్గన్న కూతురు మల్లి నేరేడు పళ్లు ఏరుకుంటోంది. వెనకాల పొదలోంచి చిరుత మెల్లగా వస్తోంది. చెట్టు మీంచి బుగ్గన్న చూశాడు. కేక పెట్టబోయాడు. నోరు తెరుచుకుంటేగా! గుట్కాకి బుగ్గలు బిగుసుకుపోయాయి. "కీ..." అని చిన్న మూలుగు వచ్చింది, అంతే. ఏం చేస్తాడు? కొమ్మ పట్టుకుని పిచ్చెక్కినట్టు ఊపేశాడు. పళ్లు టపటపా రాలి మల్లి నెత్తిన పడ్డాయి. మల్లి తలెత్తి, నాన్న మొహం చూసి, ఒక్క గెంతులో చెట్టెక్కేసింది. చిరుత పంజాకి మల్లి తోక వెంట్రుకలే చిక్కాయి.

బుగ్గన్న కూతుర్ని వాటేసుకుని ఏడ్చాడు. నోరారా ఏడుద్దామన్నా నోరు తెరుచుకోలేదు, పాపం.

ఎలుగు వైద్యుడు చూసి పెదవి విరిచాడు. "ఇవాళే మానెయ్. నోట్లో పుండ్లు మానతాయి గానీ, బిగుసుకున్న బుగ్గ మునుపట్లా సాగదు. మానకపోతే ఆ మచ్చే రాచపుండై, అదే క్యాన్సరై, ప్రాణం తీసినా తీస్తుంది," అన్నాడు.

బుగ్గన్న ఆ రోజే మానేశాడు. ఇప్పుడు కాపలా మల్లిది. తండ్రిని మించిన గొంతు! సీతాఫలం గుజ్జు కొంచెం కొంచెంగా తీసి, "ఆ అను నాన్నా," అని తినిపిస్తుంది. బుగ్గన్న తెరవగలిగినంత తెరుస్తాడు.

ఎప్పుడైనా లారీలోంచి పొట్లం పడిందా, మల్లి చిరుతని చూసినట్టే కేక పెడుతుంది. కోతులన్నీ చెట్లెక్కేస్తాయి. అందరికంటే ముందు ఎక్కేది బుగ్గన్నే!

నీతి: పొగ రావట్లేదు కదా అని పొగాకుని బుగ్గలో పెట్టుకుంటే, ముందు నోరు పాడవుతుంది, ఆపైన ప్రాణం మీదకొస్తుంది.