నక్క చేసిన చక్రవైద్యం

ఓబులేసు పశువులపాకలో అందరికీ దిగులు పట్టుకుంది. కారణం బూడిది.

పేరుకు తగ్గట్టు బూడిదరంగు కుక్క అది. ఒకప్పుడు కోడిపిల్లలు వీపుమీదికెక్కి తొక్కినా పలికేది కాదు. ఇప్పుడు ఆకు కదిలితే మొరుగుతోంది, గడ్డివామి చుట్టూ తిరిగి మూలమూలా తవ్వుతోంది. అన్నం ముట్టడం లేదు. ఆ పొద్దున ఓబులేసు నిమరబోతే పళ్లు చూపించింది.

"ఇట్లయితే దీన్ని యాడన్నా వదిలేసి రావాల్సిందే" గొణుక్కుంటూ ఓబులేసు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నం అతను అన్నానికి ఇంటికెళ్లగానే కోడిపెట్ట సింగారి ఎద్దు కాటయ్య దగ్గరికి పరుగెత్తింది.

"మామా, విన్నావా? బూడిదిని వదిలేస్తాడట!"

"విన్నానమ్మా. దానికేం కష్టమొచ్చిందో ఏమో."

"నేను చెప్పనా?" అని కంచె అవతలినుంచి ఓ గొంతు వినిపించింది.

నక్క గోవిందు! బూడిది గుర్రుమంటూ లేచింది. గోవిందు అక్కడే బుద్ధిగా కూర్చుని కళ్లు సగం మూశాడు.

"కోప్పడకు చెల్లెమ్మా. అది నీ కోపం కాదు, నీ చక్రాల కోపం. మామిడితోటలో ఒకావిడ కుక్కలకీ పిల్లులకీ చక్రవైద్య శిబిరం పెట్టింది కదా! పొదలో కూర్చుని విద్యంతా నేర్చుకున్నాను. ఒంట్లో ఏడు చక్రాలుంటాయి. నీవి అడ్డదిడ్డంగా తిరుగుతున్నాయి. సరిచేస్తే వెన్నలాంటిదానివి అయిపోతావు."

బూడిది గుర్రుమనడం ఆపింది. "అప్పుడు నన్ను వదిలెయ్యరా?"

"ఎందుకు వదిలేస్తారు? నెత్తిన పెట్టుకుంటారు."

ఆ ఆశతో బూడిది పక్కకు జరిగింది. గోవిందు కంచె కంతలోంచి లోపలికి దూరాడు.

"గోడవైపు తిరిగి పడుకో, కళ్లు మూసుకో. ఏ చప్పుడైనా తెరవకూడదు. తెరిచావో, శక్తి తిరగబడుతుంది." తర్వాత సింగారి వైపు తిరిగి గొంతు మరింత మెత్తన చేశాడు. "దీనికి పసిప్రాణాల శక్తి కావాలి. నీ పిల్లల్ని నా వెనకాల వరసగా నిలబెట్టమ్మా."

సింగారి రెక్కలు దగ్గరికి లాక్కుంది. "నా పిల్లల్నా?"

"నీ స్నేహితురాలి బతుకు, నీ ఇష్టం."

సింగారి పిల్లల వైపు చూసింది, పడుకున్న బూడిది వైపు చూసింది.

అంతదాకా నెమరువేస్తున్న కాటయ్య లేచి వచ్చాడు. "గోవిందూ, ఆ మామిడితోట ఆవిడ కోడిపిల్లల్ని అడిగిందా?"

"ఆవిడది పాతపద్ధతి మామా. గంటలకొద్దీ కుక్క పక్కన కూర్చునేది, వీపుమీద చెయ్యివేసి అది ఊపిరి తీసుకోవడం చూసేది. అంత ఓపిక ఎవరికుంటుంది?"

"నిజమే. సరేగానీ, నాకూ ఈమధ్య ఒళ్లు బాగుండటం లేదు. మొదటి చక్రం ఎక్కడుంటుంది?"

"మూలాధారమా?" గోవిందు ఛాతీ విరుచుకున్నాడు. "తోక మొదట్లో."

"నీక్కూడానా?"

"అందరికీ అక్కడే."

"ఇక్కడేనా?" అంటూ కాటయ్య గోవిందు తోకమీద గిట్ట మోపాడు.

గోవిందు పెట్టిన కేకకు పాకంతా అదిరింది. అయినా బూడిది కళ్లు తెరవలేదు. శక్తి తిరగబడుతుందని ఇంకా గట్టిగా మూసుకుంది.

"బూడిదీ, చాలు తల్లీ. కళ్లు తెరువు" అన్నాడు కాటయ్య.

తెరిచి చూసేసరికి సింగారి రెక్కల కింద పిల్లలు వణుకుతున్నాయి, నక్క గిలగిల్లాడుతోంది. అంతా అర్థమైంది. బూడిది ఒక్క ఉరుకు ఉరికింది. గోవిందు గుప్పెడు తోకవెంట్రుకలు గిట్ట కిందే వదిలేసి కంచె దూకి పారిపోయాడు.

బూడిది వెనక్కొచ్చి తలవంచుకుంది. "నా మూలంగా పిల్లలకు ప్రాణాల మీదికి వచ్చేది. నా చక్రాలూ బాగుపడలేదు."

"చక్రాల సంగతి నాకు తెలియదమ్మా" అంటూ కాటయ్య దాని పక్కనే కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. "ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పు."

బూడిది గడ్డివామి వైపు చూసింది. ఆయన తొందరపెట్టలేదు.

"నా కూన, మామా" అంది చివరికి. "ఓబులేసు చెల్లెలు బుట్టలో పెట్టుకుని పోయింది కదా. ఇంకా పాలు మానలేదు వాడు. ఆ గడ్డిలో వాడి వాసన వస్తోందని తవ్వుతున్నాను. రోజురోజుకీ వాసన తగ్గిపోతోంది. పొట్ట కింద రాయిలా గట్టిపడింది. ఎవరి చెయ్యి దగ్గరికొచ్చినా ప్రాణం పోతుందేమోనని భయం."

"అయ్యో పిచ్చితల్లీ! బుట్ట వెళ్లడం మేమంతా చూశాం. ఒక్కరమూ నిన్ను అడగలేదు."

"వాడెలా ఉండేవాడో అడుగు మామా."

అడిగాడు. కూన చెవి ఒకటి మడిచి పడుకునేవాడనీ, పాలు తాగుతూ తాగుతూనే నిద్రపోయేవాడనీ బూడిది చెప్పింది. చెబుతూ చెబుతూ కాటయ్య డొక్కకు తల ఆనించి, ఎన్నాళ్ల తర్వాతో ఒళ్లు వదులు చేసుకుని పక్కకు ఒరిగింది. సింగారి పిల్లలతో సహా వచ్చి దాని మెడదగ్గర ఒదిగింది.

సాయంత్రం ఓబులేసు చేతిలో గొలుసుతో వచ్చాడు. పక్కకు ఒరిగి పడుకున్న కుక్కను చూసి ఆగిపోయాడు. ఎర్రగా వాచిన దాని పొదుగు అప్పుడు కనిపించింది.

"అయ్యో, పాలు గడ్డకట్టినాయే! ఇంత నొప్పి పెట్టుకునింటివా?" గొలుసు అవతల పడేసి నేలమీద చతికిలబడ్డాడు. పశువైద్యుణ్ని పిలిపించాడు. ఆయన చెప్పినట్టు గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి మెల్లగా కాపడం పెట్టాడు. బూడిది మూలిగింది గానీ పళ్లు చూపించలేదు. కాసేపటికి అతని మోకాలిమీద గడ్డం ఆనించింది.

కూన తిరిగి రాలేదు. అప్పుడప్పుడూ బూడిది బాటవైపు చూస్తూ నిలబడేది. అలాంటప్పుడు ఎవరో ఒకరు వెళ్లి దాని పక్కన నిలబడేవారు.

గోవిందు మాత్రం చాలాకాలం తోక మొదలు నాక్కుంటూ ఏటి అవతలే తిరిగాడు.

నీతి: వైద్యం తెలియకపోయినా సరే, బాధలో ఉన్నవారి పక్కన కూర్చుని "ఎక్కడ నొప్పి?" అని అడగాలి.